వెండితెర మీద కుర్చీ ఎవరిది?

మా ఎదురింటి వదిన వార్డు కౌన్సిలరుగా ఉన్న రోజుల మాట ఇది. ఆదివారం మధ్యాహ్నం. భోజనాలయ్యాయి. టీవీలో 'ఘరానా మొగుడు' వస్తోంది. ఎన్నోసారి చూడటమో లెక్కలేదు. అయినా ఇద్దరం చిక్కుడుకాయలు ముందేసుకుని, ఈనెలు తీస్తూ చూస్తున్నాం. డబ్బున్న యజమానురాలికి కార్మిక నాయకుడైన హీరో బుద్ధి చెప్పే ఘట్టం నడుస్తోంది.

అంతలో మున్సిపల్ ఆఫీసు అటెండరు కాగితాల కట్టతో వచ్చాడు. వదిన చెయ్యి కొంగుకి తుడుచుకుని పెన్ను అందుకుంది.

"ఎక్కడ బాబూ?"

"ఇదిగోనమ్మా, పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టాను చూడండి."

ఒకటి, రెండు, మూడు... ఏడు సంతకాలు. చెయ్యి కాగితం మీద, చూపు టీవీ మీద. హీరో ఏదో చమత్కారంగా అన్నాడు. వదిన ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. అటెండరు కూడా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"అవేం కాగితాలు వదినా?" అన్నాను, ఊరికే అడిగినట్టు.

"ఏమో అమ్మాయ్! మీ అన్నయ్య చూసుకుంటారుగా. మనకెందుకొచ్చిన గొడవ?"

నిజమే, మనకెందుకు అనుకున్నాను. మళ్ళీ చిక్కుడుకాయల్లో పడ్డాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒకే గదిలో రెండు సినిమాలు చూశానని అప్పుడు తోచింది. తెరమీద ఒక ఆడమనిషిని కుర్చీలోంచి దింపుతున్నారు. తెర ఇవతల, జనం ఓట్లేసి కుర్చీలో కూచోబెట్టిన ఆడమనిషి తనంతట తానే దిగి కింద కూచుంది. మేమిద్దరం రెంటికీ నవ్వాం.

అప్పటినుంచీ సినిమా చూస్తున్నప్పుడల్లా ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. కుర్చీలో ఎవరు కూచున్నారు? ఎవర్ని దింపుతున్నారు? మనం ఎవరికి చప్పట్లు కొడుతున్నాం?

నేల, బెంచీ, కుర్చీ

మా చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో మూడు తరగతులుండేవి. నేల, బెంచీ, కుర్చీ. ఆడవాళ్ళకి విడిగా ఒక పక్క. అమ్మా, పిన్నీ, నేనూ ఎప్పుడూ నేలే. పిల్లల్ని ఒళ్ళో వేసుకుని, జంతికల డబ్బా పక్కన పెట్టుకుని కూచుంటే అదో పండగ.

అమ్మ పేపరు చదివేది కాదు. చదవడం రాక కాదు. పొద్దున పేపరు నాన్నది, మధ్యాహ్నం తాతయ్యది, సాయంత్రానికి అలమరలో పరచడానికి అమ్మ చేతికొచ్చేది. అరుగు మీద మగవాళ్ళు రాజకీయాలు మాట్లాడుకుంటుంటే ఆడవాళ్ళు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వచ్చేసేవాళ్ళు. మరి అమ్మకి రాజకీయం ఎక్కడ తెలిసింది? ఆ నేల మీదే. సినిమా హాల్లోనే.

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. మన తెలుగు సినిమా మొదటినుంచీ రాజకీయం మాట్లాడింది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశారు. కథ చలం గారిది, మాటలు తాపీ ధర్మారావు గారివి. అంటరానితనం మీద అంత సూటిగా మాట్లాడే సినిమా ఆ రోజుల్లో రావడమే సాహసం. ఆ మరుసటేడు 'రైతుబిడ్డ' వచ్చింది. అది జమీందారీ మీద ఎత్తిన గొంతు. విచిత్రమేమిటంటే, ఆ సినిమాల వెనక ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా వారు! తోటి జమీందారులు మండిపడ్డారు. కొన్నిచోట్ల ఆటలే ఆగిపోయాయి. బొమ్మేగా అనుకుంటే అంత కోపం ఎందుకొస్తుంది? ఆ బొమ్మ చూసి ఇంటికెళ్ళిన రైతు మర్నాడు తలెత్తి మాట్లాడతాడేమోనని వాళ్ళ భయం.

1954లో కె.వి. రెడ్డి గారి 'పెద్దమనుషులు' వచ్చింది. ఊరంతా దణ్ణం పెట్టే మున్సిపల్ చైర్మన్ లోపల ఎంత కుళ్ళి ఉన్నాడో, చుట్టూ చేరిన పెద్దలు ఎలా వాటాలు పంచుకుంటారో ఆ సినిమా విప్పి చూపించింది. నిజం మాట్లాడేది మాత్రం అందరూ పిచ్చివాడనుకునే తిక్క శంకరయ్య. దీనికి మూలం నార్వే రచయిత ఇబ్సన్ నాటకమని చాలామందికి తెలియదు. తెలియక్కర్లేదు కూడా. ఎందుకంటే చూసినవాళ్ళందరికీ 'అచ్చం మా ఊరి చైర్మనే' అనిపించింది.

అంటే మన అమ్మలూ, అమ్మమ్మలూ నేల టికెట్టు కొనుక్కుని చూసింది వినోదం ఒక్కటే కాదు. అధికారం అంటే ఏమిటో, అది ఎలా తప్పుతుందో వాళ్ళకి చెప్పిన బడి అదే. ఏ బడికైనా పాఠ్యపుస్తకం ఒకటి ఉంటుంది కదా! మరి ఆ పుస్తకంలో మన గురించి ఏం రాశారు?

అమ్మ చెప్పని ఓటు

1982 మార్చి 29న ఎన్.టి. రామారావు గారు తెలుగుదేశం పార్టీ పెట్టారు. ఆ ఏడే 'బొబ్బిలి పులి' వచ్చింది. అవినీతి మీద తిరగబడ్డ సైనికుడి కథ. దానికి ముందు 'సర్దార్ పాపారాయుడు', అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా రాముడు, కృష్ణుడు. తెరమీద ధర్మం నిలబెట్టినవాడు బయటికొచ్చి వ్యాను ఎక్కి ఊరూరూ తిరుగుతూ ఆడపడుచుల్లారా అని పిలిచాడు. మా అమ్మలాంటి వాళ్ళని ఏ నాయకుడైనా నేరుగా పిలవడం అదే మొదలు.

1983 జనవరిలో ఎన్నికలు. మా ఇంట్లో ఓటంటే నాన్న మాటే. ఇంటి ఓట్లన్నీ ఒకే డబ్బాలోకి వెళ్ళాలి. నాన్న ముందురోజు రాత్రి ఏ గుర్తు మీద ముద్ర వెయ్యాలో అమ్మకి చెప్పారు. అమ్మ తల ఊపింది. మర్నాడు వేలికి సిరా గుర్తుతో తిరిగొచ్చి, నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "ఎవరికి వేశావమ్మా?" అని నేను చెవిలో అడిగితే నవ్వి ఊరుకుంది. నాన్నకి చివరిదాకా చెప్పలేదు. నాకూ చెప్పలేదు. కానీ ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది. అమ్మ తన సొంతానికి చేసిన మొదటి పని అదేనేమో!

ఏ పార్టీ గొప్పదో చెప్పడం ఇక్కడ నా ఉద్దేశం కాదు. ఒక సినిమా బొమ్మ ఒక గృహిణి చేత సొంత నిర్ణయం తీసుకునేలా చేసింది. అది చిన్న విషయమేం కాదు. ఆ తర్వాత 1983లోనే తిరుపతిలో మహిళలకోసం పద్మావతి విశ్వవిద్యాలయం వచ్చింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కునిస్తూ 1986లో రాష్ట్ర చట్టం వచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని ఆడపిల్లలకి అది వర్తించింది. దేశం మొత్తానికి అలాంటి సవరణ రావడానికి 2005 దాకా పట్టింది. మనకి ఇరవై ఏళ్ళ ముందే వచ్చింది.

కానీ ఆ బడిలో ఇంకో పాఠం కూడా మన తలకెక్కింది. ఎవరో ఒక మహానుభావుడు వస్తాడు, అన్నీ సర్దుతాడు, మనం చప్పట్లు కొడితే చాలు అన్న పాఠం. 1999లో 'ఒకే ఒక్కడు' చూశాం. ఒక్కరోజు ముఖ్యమంత్రి ఊరంతా కడిగేస్తాడు. 2010లో 'లీడర్', 2018లో 'భరత్ అనే నేను'. రెండూ మంచి ఉద్దేశంతో తీసినవే. నాకూ నచ్చాయి. కానీ ఒక్కసారి ఆగి చూడండి. ఆ రెండు కథల్లోనూ ముఖ్యమంత్రి అయిన తండ్రి పోతే కొడుకు కుర్చీ ఎక్కుతాడు. విదేశం నుంచి దిగి, నేరుగా ఎక్కుతాడు! కుర్చీ పొలంలాగా, ఇల్లులాగా కొడుక్కి రావడం మనకెవరికీ ఎబ్బెట్టుగా అనిపించలేదు. 'కూతురుంటే ఎక్కనిచ్చేవారా?' అని కూడా మనం అడగలేదు.

కుర్చీ ఎక్కిన ఆడది

మరి మన సినిమాల్లో అధికారం చేసిన ఆడవాళ్ళే లేరా? ఉన్నారు. వాళ్ళకేం జరిగిందో చూద్దాం.

మొదట నాయకురాలు నాగమ్మ. పల్నాటి కథలో నలగామరాజు కొలువులో మంత్రి. ఎనిమిది వందల ఏళ్ళకు పైబడిన మాట. ఒక ఆడమనిషి రాజ్యం నడిపే మంత్రి అయిందంటే ఎంత తెలివి, ఎంత దక్షత ఉండాలి? 1947లో వచ్చిన 'పల్నాటి యుద్ధం'లో కన్నాంబ, 1966లో వచ్చిన దాంట్లో భానుమతి నాగమ్మ వేషం కట్టారు. ఇద్దరూ మహానటులు. కానీ పాత్ర ఏమిటి? కుట్రలు పన్నే ఆడది. కోడిపందేలతో సంసారాలు కూల్చిన ఆడది. పందెం కాసిన మగవాళ్ళు వీరులు, పందెం గెలిచిన ఆడది మాయలాడి! అటు బ్రహ్మనాయుడిది రాజనీతి, ఇటు నాగమ్మది జిత్తులమారితనం. చేసిన పని ఇద్దరిదీ రాజకీయమే కదా, పేరెందుకు మారింది?

రాజ్యం సంగతి అలా ఉంచండి, ఇంట్లో పెత్తనం సంగతి చూడండి. 'గుండమ్మ కథ' 1962. అందరికీ ఇష్టమైన సినిమా, నాకూ ప్రాణం. సూర్యకాంతం లేని తెలుగు సినిమా ఊహించుకోగలమా? గుండమ్మ సవతి కూతుర్ని పనిమనిషిని చేసింది, తప్పే. కానీ ఆమె మొగుడు పోయి, ఒంటి చేత్తో ఆస్తిని నిలబెట్టుకున్న మనిషి కూడా. అల్లుళ్ళొచ్చి ఆ ఇంటి పెత్తనం సరిచేస్తే మనం హాయిగా నవ్వుకున్నాం. అక్కడినుంచి మొదలై, పొగరుబోతు అత్త మెడలు వంచే అల్లుడి కథలు ఒక వరసగా వచ్చాయి. ఆ అత్త ఒకచోట జమీందారిణి, ఒకచోట ఫ్యాక్టరీ యజమాని. 1990లో 'బొబ్బిలి రాజా' దగ్గరకొచ్చేసరికి వాణిశ్రీ వేసింది ఏకంగా రాజకీయ నాయకురాలి పాత్ర! ఆమె చేతిలో పదవి ఉంది. మనకి వినోదం ఎక్కడుంది? ఆమె భంగపడటంలో.

ఇక 1992 నాటి 'ఘరానా మొగుడు'. అందులో తెలివి చూడండి. హీరో కార్మికుల పక్షం. కూలివాడి హక్కుకోసం నిలబడేవాడు. న్యాయం అతనిదే, మన మనసూ అతని వైపే. యజమాని ఆడది, అహంకారి. కాబట్టి కార్మికుడు గెలవడమూ, మగవాడు గెలవడమూ రెండూ ఒకే చప్పట్లో కలిసిపోయాయి. కూలి పెంచమని అడిగిన న్యాయమైన మాట వెనకే, 'ఆడది అణిగి ఉండాలి' అన్న మాట కూడా గుట్టుగా మన ఇంట్లోకొచ్చేసింది. పాలు పోయించుకున్నప్పుడు నీళ్ళు ఎన్ని కలిశాయో చూసుకోం, అలాగన్నమాట.

ఇప్పటి సినిమాలు మారలేదా? కొంత మారాయి. 2015, 2017ల్లో వచ్చిన 'బాహుబలి'లో శివగామి సింహాసనం మీద కూచుంటే హాలంతా నిశ్శబ్దమైపోయింది. రమ్యకృష్ణ కళ్ళతోనే రాజ్యం చేసింది. సంతోషించాను. కానీ ఆమె ఏలింది ఎవరికోసం? పెరుగుతున్న మగపిల్లలకోసం. రాజ్యం తనది కాదు, కాపలా మాత్రమే తనది. 2015లోనే 'రుద్రమదేవి' కూడా వచ్చింది. ఆమె కాపలాదారు కాదు, నిజంగా కాకతీయ రాజ్యాన్ని ఏలిన రాణి. అయినా కొడుకుగా పెంచితే తప్ప ఆ సింహాసనం దక్కలేదు. శాసనాల్లో కూడా ఆమెని రుద్రదేవ మహారాజు అని రాశారు. కుర్చీ ఎక్కాలంటే ఆడతనం గుమ్మం బయట విడిచి రావాలన్నమాట!

ఒంటరిగా గెలిచిన ఝాన్సీ, కలిసి గెలిచిన దూబగుంట

న్యాయంగా మాట్లాడాలంటే రెండో వైపూ చెప్పాలి. 1985లో టి. కృష్ణ గారి 'ప్రతిఘటన' చూసి మా హాస్టలు అమ్మాయిలం చాలామందిమి ఏడ్చాం. పట్టపగలు నడివీధిలో లెక్చరర్ ఝాన్సీని రౌడీ వివస్త్రని చేస్తే జనం చూస్తూ నిలబడ్డారు. చట్టం చేతులెత్తేసింది. మొగుడు రాజీపడమన్నాడు. ఆ రౌడీయే నాయకుడై సన్మానం చేయించుకుంటుంటే, సభలో ఆమె గొడ్డలి ఎత్తింది. నేరగాడు రాజకీయాల్లోకి ఎలా వస్తాడో అంత సూటిగా చెప్పిన సినిమా అంతకుముందు మేం చూడలేదు. విజయశాంతికి 1990లో 'కర్తవ్యం' జాతీయ అవార్డు తెచ్చింది. ఆ పోలీసు దుస్తులు చూసి, పెద్దయ్యాక ఏమవుతావంటే 'పోలీసు' అన్న ఆడపిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు.

బి. నర్సింగరావు గారి 'దాసి' 1988లో వచ్చింది. తెలంగాణ దొరల గడీలో కట్నంతోపాటు వచ్చిన ఆడబాపని కథ. అర్చనకి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. అందులో కేకలు లేవు, గొడ్డళ్ళు లేవు. దొర కూచున్న కుర్చీ బరువు ఎవరి ఒంటి మీద పడుతుందో చూపించారు, అంతే. ఉమామహేశ్వరరావు గారి 'అంకురం'లో రేవతి ఒక మామూలు ఇల్లాలు. రైల్లో ఒకాయన పసిపాపని ఆమె చేతికిచ్చి దిగిపోయాడు. మళ్ళీ కనబడలేదు. ఆయన ఏమయ్యాడు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఆమె పోలీసు స్టేషను దాకా, కోర్టు దాకా వెళ్ళింది. ఇంట్లో మాటలు పడింది, అయినా వదల్లేదు. నాకు ఝాన్సీ గొడ్డలి కన్నా ఈ ప్రశ్న ఎక్కువ పదునుగా కనిపిస్తుంది. గొడ్డలి అందరం ఎత్తలేం. ప్రశ్న అడగగలం.

అయితే ఈ ఆడవాళ్ళందరిలో ఒక పోలిక ఉంది. అందరూ ఒంటరే. వెనక ఇంకో పదిమంది ఆడవాళ్ళు లేరు. నిజంగా మన రాష్ట్రంలో ఆడవాళ్ళు గెలిచిన పెద్ద పోరాటం చూడండి, అది అలా జరగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్ళు, వాచకంలో సారా మీద చదివిన పాఠాన్ని తమ బతుకుతో పోల్చుకున్నారు. అందరూ కలిసి ఊళ్ళోకి సారా రాకుండా అడ్డుపడ్డారు. అది ఊరూరూ పాకింది, వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారాని నిషేధించింది. 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే బాధ. కానీ హీరో లేడు, హీరోయిన్ లేదు, ఫైటు లేదు. చీపుర్లు, బిందెలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న ఆడవాళ్ళు. ఒక ప్రభుత్వం చేతే నిర్ణయం మార్పించారు. అంత పెద్ద కథ మన పెద్ద సినిమాల్లో నేలక్లాసు నుంచి కుర్చీక్లాసు దాకా మారుమోగేలా ఎందుకు రాలేదు? పదిమంది కలిసి గెలిస్తే కటౌటు ఎవరికి కట్టాలో తెలియకపోవడం వల్లనేమో!

నా సంతకం

ఇంతదాకా వదిన సంగతి చెప్పి, సినిమాల సంగతి చెప్పి నా సంగతి దాచుకుంటే అది న్యాయం కాదు.

1986 చట్టం వచ్చేనాటికి నేను కాలేజీలో ఉన్నాను. పెళ్ళి కాలేదు. అంటే ఆ హక్కు నాకూ ఉంది. ఆ విషయం నాకు తెలుసు కూడా. నాన్న పోయిన ఏడాదికి అన్నయ్య కబురు చేశాడు. వెళ్ళాను. వదినమ్మ పెసరట్లు వేసింది. తిన్నాక రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళాం. "చిన్న సంతకం అమ్మా, లాంఛనం" అన్నాడు అన్నయ్య. ఆ కాగితం మీద కూడా పెన్సిలుతో ఇంటూ మార్కు పెట్టి ఉంది. నేను చదవలేదు. అన్నయ్య ముందు కాగితం తీసి చదివితే ఏమనుకుంటాడోనని సిగ్గేసింది. సంతకం పెట్టి, చీరా జాకెట్టుగుడ్డా పసుపూ కుంకుమా తీసుకుని వచ్చేశాను. తర్వాత తెలిసింది, అది ఎకరంన్నర భూమిలో నా హక్కు వదులుకున్నట్టు రాసిన కాగితమని.

అన్నయ్య చెడ్డవాడు కాదు. అడిగితే ఇచ్చేవాడేమో కూడా. తెలిసి, ఇష్టపడి వదులుకుని ఉంటే నాకీ బాధ ఉండేది కాదు. చదవకుండా వదులుకున్నాను. ఎందుకు? 'మంచి చెల్లెలు' ఎలా ఉంటుందో నాకెవరు నేర్పారు? ఆ నేల మీదే నేర్చుకున్నాను. 1962లో వచ్చిన 'రక్తసంబంధం' మొదలు 2004లో 'పుట్టింటికి రా చెల్లి' దాకా అన్నాచెల్లెళ్ళ సినిమా ఏది చూసినా వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ చెల్లెళ్ళు అన్న ప్రేమ అడిగారు, పుట్టింటి పలకరింపు అడిగారు. నాకు గుర్తున్నంతలో ఒక్క చెల్లెలూ "నా వాటా ఏదన్నయ్యా?" అని అడగలేదు. చట్టం మారి ఇన్నేళ్ళయింది. 2020లో సుప్రీంకోర్టు కూడా, తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదాంతో పనిలేదు, కూతురికి పుట్టుకతోనే ఆ హక్కు ఉందని తేల్చి చెప్పింది. సినిమాలో చెల్లెలు మాత్రం ఇంకా గుమ్మం దగ్గరే నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. వాటా అడిగేది మాత్రం విలన్ పక్కన నిలబడే ఆడపడుచు!

చట్టం కాగితం మీద మారుతుంది. సిగ్గు మాత్రం మనసులో మారాలి. ఆ సిగ్గుని పెంచి పోషించిన వాటిల్లో మనం ఇష్టంగా చూసిన సినిమాలూ ఉన్నాయి.

ఆ కాగితాలేవీ?

నా సంతకం కథ ఒకరోజు వదినకి చెప్పాను. ఎన్నాళ్ళుగానో ఎవరికీ చెప్పలేదది. వదిన చాలాసేపు మాట్లాడలేదు. "పోనీలే అమ్మాయ్" అంటుందనుకున్నాను. అనలేదు.

మరో పదిరోజులకి అటెండరు మళ్ళీ వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. వదిన పెన్ను తీసుకోలేదు. "కాగితాలు ఇక్కడ పెట్టి వెళ్ళు బాబూ, రేపు రా" అంది. అతను బిత్తరపోయాడు. "సారు చూశారమ్మా" అన్నాడు. "సారు చూశారు, నేను చూడలేదు కదా!" అంది. గొంతు వణికింది, కానీ అంది.

ఆ సాయంత్రం ఇద్దరం కూచుని చదివాం. అదేదో బ్రహ్మవిద్య కాదు. కౌన్సిల్ మీటింగు అజెండా. మా వార్డుకి ఒక మురుగుకాలవ రాసి ఉంది. మా వీధికి కాదు, ఇంకా ఇళ్ళే లేవని అనుకుంటున్న ప్లాట్ల వైపుకి. వర్షమొస్తే మోకాలి లోతు నీళ్ళు నిలిచేది మా వెనక వీధిలో. మీటింగులో వదిన లేచి నిలబడి ఒక్క ప్రశ్న అడిగింది. "ఈ కాలవ ఏ వీధికండీ?" అంతే. ఆ మాట అడిగిన తర్వాత ఏం చెప్పాలో తోచక కూచుండిపోయానని తర్వాత నాతో అంది. ఇంట్లో అన్నయ్యగారు రెండురోజులు ముభావంగా ఉన్నారట. కాలవ ఆ ఏడు రాలేదు. మరుసటేడు వచ్చింది, వెనక వీధికే. వదిన ఫొటో ఎవరూ వెయ్యలేదు, దండ ఎవరూ వెయ్యలేదు. కానీ అప్పటినుంచి అటెండరు పెన్సిలు మార్కులు పెట్టడం మానేశాడు.

1993లో అమల్లోకొచ్చిన రాజ్యాంగ సవరణలు స్థానిక సంస్థల్లో మూడోవంతు స్థానాలు మనకిచ్చాయి. 2011లో మన రాష్ట్రం పంచాయతీల్లో దాన్ని సగం చేసింది. చట్టసభల్లో మూడోవంతు ఇస్తూ 2023లో చట్టం చేశారు, జనాభా లెక్కలూ నియోజకవర్గాల పునర్విభజనా అయ్యాక అమలన్న షరతుతో. అంటే కుర్చీలు వస్తున్నాయి. ఆ కుర్చీలో మనం కూచుంటామా, మన పేరు కూచుని పెత్తనం పక్కన నిలబడుతుందా అన్నదే ఇప్పుడు ప్రశ్న.

సినిమాలు మానెయ్యమని నేను చెప్పను. నేను మానలేను కూడా. 'గుండమ్మ కథ' ఎప్పుడొచ్చినా పని ఆపి చూస్తాను. కానీ ఈసారి సినిమా చూసేటప్పుడు పక్కన మీ అమ్మాయినో, కోడలినో కూచోబెట్టుకోండి. మూడు మాటలు అడగండి. ఇందులో పెత్తనం ఎవరిది? అది వాళ్ళకెలా వచ్చింది? ఆడమనిషి నిర్ణయం తీసుకున్నప్పుడు మనల్ని నవ్వించారా, ఆలోచింపజేశారా? పిల్లలు చెప్పే జవాబులు మీరు అనుకున్నదానికన్నా పదునుగా ఉంటాయి. మా ఇంట్లో అదే జరిగింది.

అలాగే ఇంకొక్కటి. మీ బీరువాలో, మీ ట్రంకుపెట్టెలో మీరు సంతకం పెట్టిన కాగితాలు ఏమున్నాయో ఒకసారి తీసి చదవండి. బ్యాంకుది కావచ్చు, పొలానిది కావచ్చు, డ్వాక్రా సంఘం అప్పుది కావచ్చు. అర్థం కాకపోతే చదువుకున్న పిల్లల్ని అడగండి. సిగ్గుపడకండి. ఆ సిగ్గు ఖరీదు నాకు ఎకరంన్నర.

అమ్మ 1983లో ఎవరికి ఓటేసిందో నాకిప్పటికీ తెలియదు. తెలియక్కర్లేదు. ఆ ముద్ర ఎక్కడ వెయ్యాలో ముందురోజు రాత్రి నాన్న చెప్పారు. అయినా తన ఇష్టం వచ్చిన చోటే వేసుకుని ఉంటుందనే నా నమ్మకం.